ఎకరమునకు ఎన్ని వెలలు?

పల్లెలో ఒక రైతును "మీ పొలము ఎకరము ఎంత చేయును?" అని అడిగినచో అతడు వెంటనే అంకె చెప్పడు. "ఎందుల కడుగుచున్నారు?" అని ముందు ఎదురుప్రశ్న వేయును. ఆ ఎదురుప్రశ్నలో గొప్ప లోకజ్ఞాన మున్నది. అమ్ముటకు ఒక వెల. అప్పు తెచ్చుటకు ఒక వెల. ఆడపిల్లకు పసుపుకుంకుమ క్రింద వ్రాసి యిచ్చునప్పుడు అన్నదమ్ములు అనుకొను వెల మరియొకటి. రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజుపై వ్రాయించునది వేరు. కాలువకో బాటకో ప్రభుత్వము తీసికొన్నప్పుడు చేతికి వచ్చునది వేరు. నల్లరేగడి ఎకరము ఒక్కటే. దానికి వెలలు మాత్రము అయిదారు.

ఈ వెలలలో ఏది నిజము? ఒకవిధముగా అన్నియు నిజమే. ప్రతి వెల వెనుక ఒక ప్రయోజనము, ఒక లెక్క, ఆ లెక్క వేసిన ఒక చేయి ఉండును. ఆస్తులకు విలువ కట్టుట నేడు ఒక వృత్తి. దానికి చదువులు, పరీక్షలు, నిబంధనలు ఏర్పడినవి. కాని ప్రత్తికి, మిరపకు పేరుపొందిన గుంటూరు, ప్రకాశం మైదానములో ఈ పని రెండు వందల ఏండ్లకు పైగా జరుగుచునే యున్నది. ఆ చరిత్రను పరిశీలించినవారికి ఒక విషయము స్పష్టమగును. విలువ కట్టునప్పుడు ఎవరి మాట చెల్లినదో వారికి భూమి అక్కరకు వచ్చినది. ఎవరి మాట వినబడలేదో వారు నష్టపడిరి.

మనము చెప్పుకొను సీమ కృష్ణానది దక్షిణపు టొడ్డు మొదలు గుండ్లకమ్మ దాటి ఒంగోలు వరకు వ్యాపించినది. పరిపాలకులు దీని సరిహద్దులను పలుమారులు మార్చిరి. 1859లో గుంటూరు జిల్లాను ఎత్తివేసి, 1904లో మరల ఏర్పరచిరి. 1970లో ఒంగోలు జిల్లా పుట్టి 1972లో ప్రకాశం జిల్లా అయ్యెను. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడివడెను. ఎల్లలు ఎన్ని మారినను రేగడి మారలేదు. దానికి కట్టిన వెలలే మారుచు వచ్చినవి.

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినది. 1802లో మద్రాసు ప్రభుత్వము శాశ్వత పైసలాను అమలుచేసినప్పుడు, ఈ సీమలోని జమీందారులు ఏటేట చెల్లింపవలసిన పేష్కషును ఎన్నటికిని మారకుండ నిర్ణయించిరి. పాత వసూళ్లను బట్టి జమీ రాబడిని అంచనా వేసి, సుమారు అందులో మూడింట రెండు వంతులు కంపెనీకి చెందునట్లు ఏర్పరచిరి. పొలములను గొలుసుపట్టి కొలిచినవారు లేరు. మట్టిని చేతిలోకి తీసికొని చూచినవారు లేరు. కాగితముపైనున్న వసూలు అంకెయే భూమి విలువ అయ్యెను. అమరావతీ నగర నిర్మాత వాసిరెడ్డి వెంకటాద్రి నాయుని జమీ మొదలు చిన్న జమీల వరకు అన్నిటికి ఇదియే పద్ధతి.

కాని అంకె శాశ్వతము కావచ్చునుగాని వాన శాశ్వతము కాదు. 1832లో, నందన నామ సంవత్సరమున, వర్షములు పూర్తిగా తప్పిపోయెను. ఆ కరువునే మనవారు నందన కరువనియు, డొక్కల కరువనియు చెప్పుకొందురు. గుంటూరు జిల్లా జనములో మూడవ వంతుకు తక్కువ కాకుండ నశించిరని ఆనాటి అంచనాలు తెలుపుచున్నవి. దున్నువాడు లేని భూమికి విలువ యెక్కడిది? జమీలు బాకీ పడెను. 1840 తరువాతి దశకములో అవి వేలమునకు రాగా, కట్టుదిట్టమైన పేష్కషు భారమును తలకెత్తుకొనుటకు ముందుకు వచ్చువారు లేక, చివరకు ప్రభుత్వమే వానిని నామమాత్రపు వెలకు కొనివేసెను. దశాబ్దములపాటు లక్షల రాబడిగల జమీలుగా చెలామణి అయినవాని గతి ఇది.

ఈ పతనమునకు కారణము తెలిసికొనుటకై 1845లో వాల్టరు ఇలియటు దొరను గుంటూరునకు పంపిరి. అమరావతి స్తూప శిల్పములను త్రవ్వించినవాడుగా ఆయన పేరు చాలమందికి తెలియును. ఆయన విచారణలో బయటపడిన విషయములలో ముఖ్యమైనది లెక్కల తీరు. గ్రామములో ఉండు లెక్క ఒకటి, హుజూరునకు చేరు లెక్క మరియొకటి. కరణములు, కచేరీ ఉద్యోగులు, పలుకుబడి గలవారు ఏకమై నిజమైన సాగును, నిజమైన రాబడిని మరుగుపరచుచుండిరి. రాబర్టు ఎరిక్ ఫ్రైకెన్‌బర్గు అను చరిత్రకారుడు 1788 మొదలు 1848 వరకు గల గుంటూరు జిల్లా చరిత్రను 1965లో గ్రంథముగా ప్రకటించి, స్థానికుల పలుకుబడి దొరల అధికారమును ఎట్లు వమ్ముచేసినదో విపులముగా చూపెను. శ్రోతలు ఈ రెండు లెక్కల సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. ఈ ప్రసంగములో దానితో మరల పని పడును.

జమీలు పోయినచోట రైతువారీ పద్ధతి వచ్చినది. 1855 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము రాజధాని అంతటను సర్వే జరిపి, పొలము పొలమునకు శిస్తు నిర్ణయింపవలెనని తీర్మానించెను. విలువ కట్టువారు నేలమీదికి దిగివచ్చుట ఇదియే మొదలు. వారి పద్ధతిని తెలిసికొనుట అవసరము. నేటి విలువకట్టు శాస్త్రములోని మూలసూత్రములు చాలవరకు అందులో ఉన్నవి.

ముందుగా నేలను జాతులుగా విభజించిరి: నదుల ఒండ్రు, రేగడి, ఎర్రనేల, ఇసుక. ప్రతిజాతిలో బంకపాలు, ఇసుకపాలు చూచి తరగతులు చేసిరి. ఒక్కొక్క తరగతిలో ఉత్తమము మొదలు అధమము వరకు మెట్లు పెట్టిరి. పిమ్మట ఒక్కొక్క మెట్టు నేల సగటున ఎంత ధాన్యము పండించునో పంటకోతలు జరిపి చూచిరి. ఆ ధాన్యమును పూర్వపు కొన్నియేండ్ల సగటు ధరతో రూపాయలలోనికి మార్చిరి. అందులోనుండి వర్తకుని లాభము, సంతకు తోలు ఖర్చు, సేద్యపు ఖర్చు, అకాల వర్షములకు, అనావృష్టికి కొంత తీసివేసిరి. మిగిలిన నికరములో సగము శిస్తు. ఇట్లు వచ్చిన రేట్లకే 'తరము' అని పేరు. ముప్పది యేండ్ల వరకు ఆ రేటు మారదు. ఇంగ్లీషు, తెలుగు రెండింటను అచ్చువేసిన ఆ గ్రామ రిజిస్టర్లనే మనవారు నేటికిని 'డైగ్లాటు' అందురు. పొలపు తగాదా వచ్చినప్పుడు ప్లీడరుగారు మొదట అడుగు కాగితములలో అదియొకటి.

ఈ పద్ధతివలన మేలు లేకపోలేదు. ప్రతి చెక్కకు ఒక నంబరు, ఒక విస్తీర్ణము, ఒక పేరు ఏర్పడినవి. కరణము నోటిమాటపై ఆధారపడవలసిన గతి కొంత తప్పినది. కాని కొలత ప్రభుత్వమునకు రావలసిన శిస్తు కొరకు కల్పించిన కొలత. అందు ప్రమాణముగా తీసికొన్నవి ముఖ్యముగా ఆహారధాన్యములు. రేగడి రైతు మాత్రము ప్రత్తి వేయుచుండెను. మన యెరుపుచాయ దూదిని విదేశపు వర్తకులు కాకినాడ పేర 'కొకనాడా' అని పిలుచుచు కొనుచుండిరి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి అక్కడి ప్రత్తి ఇంగ్లండునకు చేరకపోగా, మన దేశపు ప్రత్తి ధర ఆకాశమునంటెను. 1865లో యుద్ధము ముగియగానే దిగిపోయెను. ఎక్కడి తుపాకి మ్రోతకో ఇక్కడి పొలము వెల పెరిగి తగ్గెను. ఇట్టి ఒడుదుడుకులకు డైగ్లాటులో గడి లేదు. అట్లే 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప నీరందిన తెనాలి, రేపల్లె ప్రాంతముల మాగాణికిని, నీరందని నరసరావుపేట వైపు మెట్టకును నడుమ దూరము ఏర్పడినది. నేల గుణముకంటె నీటి సదుపాయమే వెలను నిర్ణయించు కాలము వచ్చినది.

శిస్తు కొరకు పుట్టిన ఈ అంకె క్రమముగా ఇతర కార్యములకు కూడ కొలతబద్ద అయ్యెను. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టము ప్రకారము, భూమికై వేయు దావాలో శాశ్వత పైసలా గల భూమికి శిస్తుకు పదిరెట్లు, తక్కిన శిస్తు భూములకు అయిదురెట్లు విలువగా లెక్కించిరి. ఇక శిస్తుతో మాట కలపని రైతు శిస్తునే నిరాకరించిన ఘట్టము ఒకటి ఉన్నది. 1922 ఆరంభమున పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున పన్ను చెల్లింపమని నిలిచిరి. స్వరాజ్యోద్యమములో భాగముగా జరిగిన ఆ పోరాటములో ఒక భావము స్పష్టముగా ధ్వనించినది: మా నేలకు వెలకట్టు అధికారము మీకెవరు ఇచ్చిరి?

ఆ ప్రశ్నకు శాసనరూపమున సమాధానము వెదకినవారిలో ప్రముఖుడు ఈ సీమ బిడ్డయే. టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెములో జన్మించెను. 1937లో మద్రాసు కాంగ్రెసు మంత్రివర్గములో రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించి, నేలకు యజమాని రైతేయని 1938 నాటి నివేదికలో ప్రతిపాదించెను. స్వాతంత్ర్యానంతరము 1948లో మద్రాసు ప్రభుత్వము జమీల రద్దు చట్టమును చేసినది.

జమీలు తీసికొనుటకు ఎంత చెల్లింపవలెను? ఆ చట్టము అనుసరించిన మార్గము ఆసక్తికరమైనది. ఎస్టేటు సాలుకు ఇచ్చు నికరపు రాబడిని మొదట తేల్చి, దానిని కొన్ని రెట్లు చేసిరి. ఆ మూలపు మొత్తము వేయి రూపాయలకు మించనిచో ముప్పది రెట్లు. మొత్తము పెరిగినకొలది రెట్లు తగ్గుచు, లక్ష దాటినచో పండ్రెండున్నర రెట్లు. చిన్నవానికి ఎక్కువ, పెద్దవానికి తక్కువ అనునది ధర్మదృష్టి. విలువను ఇన్నేండ్ల రాబడిగా చెప్పుట అనునది శాస్త్రదృష్టి.

ఈ ఏండ్ల రాబడి లెక్క నేడు మన పొలములకు కూడ వర్తించును. ఒక ఉదాహరణము ఊహించుకొందము. ఎకరమునకు ఖర్చులు పోను కౌలు సాలుకు 30,000 రూపాయలు వచ్చుననుకొనుడు. నూటికి 3 రూపాయల రాబడి చాలునని తలచు కొనుగోలుదారుడు ఆ ఎకరమునకు 10 లక్షలు పెట్టగలడు. అదే ఎకరము సంతలో 30 లక్షలు పలికినచో, అందులో 10 లక్షలు మాత్రమే పంట విలువ; మిగిలిన 20 లక్షలు ఆశ విలువ. బాట పడునని ఆశ, ఇండ్లస్థలములు అగునని ఆశ, మరియొకడు ఇంకను ఎక్కువకు కొనునని ఆశ. ఆశకు కూడ వెల ఉన్నది, కాదనలేము. కాని పంట ఆదాయముతోనే అప్పు తీర్పవలసినవాడు ఆశ వెల పెట్టి కొన్నచో, ఆ అప్పు పంటతో తీరదు. సొంతదారుడు, పెట్టుబడిదారుడు, సాగుచేయువాడు ఒకే చెక్కకు వేర్వేరు విలువలు కట్టుటకు కారణమిదియే.

అమ్మువాడు ఇష్టపడి అమ్మునప్పుడు ఈ తేడాలు బేరములో సర్దుకొనును. ఇష్టము లేకపోయినను భూమి ఇచ్చివేయవలసి వచ్చినప్పుడు ఏమగును? 1894 నాటి భూసేకరణ చట్టము సంత వెల చెల్లింపవలెనని చెప్పినది. సంత వెల అనగా నేమో తేల్చిన ప్రసిద్ధమైన తీర్పు మన తెలుగునేల వ్యాజ్యములోనే వచ్చినది. విశాఖపట్టణపు ఓడరేవు అవసరములకై ఒక నీటిఊటగల భూమిని ప్రభుత్వము తీసికొనెను. యజమాని వైరిచర్ల నారాయణ గజపతిరాజు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్లెను. భూమిలోని విశేషమైన అక్కర, దానిని వాడుకొనగలవాడు సేకరించు ప్రభుత్వమొక్కటే అయినను సరే, విలువలో చేర్చవలసినదేనని 1939లో ఆ న్యాయస్థానము నిర్ణయించెను. ఇతర దేశముల న్యాయస్థానములు సైతము ఈ తీర్పును ఉదాహరించుచుండును. నేటి నేలలో రేపటి ఉపయోగము కూడ ఉన్నదని దాని సారము.

ఈ సీమలో ఆ ప్రశ్న పెద్దయెత్తున వచ్చినది నాగార్జునసాగరముతో. 1955 డిసెంబరు 10న ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలకు నీరు తెచ్చినది. కాలువగట్టు క్రిందికి పోయిన చెక్క యజమానికి పరిహారము మెట్ట వెలను బట్టి వచ్చినది; గట్టు ప్రక్కనే మిగిలిన చెక్క వెల నీటితో పెరిగినది. ఒకే కాలువ ఒకని కొంపకు కరువు, ప్రక్కవానికి కలిమి అగుట ఇట్లు. ఈ బాధను కొంత తీర్చుటకు చట్టములు నిర్బంధముగా తీసికొన్నందుకు సొలేషియమను పేర పైమొత్తమును కలిపినవి. అది 1984 సవరణతో నూటికి 30. 2013 నాటి క్రొత్త చట్టముతో నూటికి 100.

అయితే పైమొత్తము ఎంత పెరిగినను అసలు వెల సరిగా తేలవలెను గదా! ఇక్కడనే పూర్వపు రెండు లెక్కల కథ మరల తలయెత్తుచున్నది. స్టాంపు సుంకము తప్పించుకొనుటకై దస్తావేజులో వెల తగ్గించి వ్రాయు అలవాటు ఉన్నందున, ప్రభుత్వము ప్రతి సర్వే నంబరునకు ఒక సూచక విలువను పట్టికలో ఉంచుచున్నది. ఆ పట్టికలను సవరించుటకు 1998లో ప్రత్యేక నిబంధనలు ఏర్పడెను. కాని అమ్మకము పట్టిక వెలకు వ్రాసి, మిగిలినది చేతికి పుచ్చుకొనుట ఆగలేదు. 2013 చట్టము ప్రకారము పరిహారమునకు చూచునది ఏమి? స్టాంపు చట్టపు విలువ. పరిసరములలో పూర్వము మూడేండ్లలో రిజిస్టరైన అమ్మకములలో ఎక్కువ వెల పలికిన సగము దస్తావేజుల సగటు. అంగీకారముతో కుదిరినచో ఆ మొత్తము. వీనిలో ఏది ఎక్కువైన అది. ఊరందరును తక్కువ వ్రాయించుకొన్నప్పుడు ఆ సగటు ఎక్కడనుండి పెరుగును? సుంకములో మిగిల్చిన రూపాయి పరిహారములో పదియై పోవును. నూట డెబ్బదియైదేండ్ల క్రిందట గ్రామ లెక్కను దాచినది కరణములు. నేడు దాచునది మనమే.

పాత కొలతలు క్రొత్త పనులలోనికి ఎట్లు వచ్చునో అమరావతి రాజధాని నిర్మాణము చూపినది. 2015లో తుళ్లూరు పరిసరములలో ముప్పదివేల ఎకరములకు మించి భూమిని కొనుగోలుతో గాక సమీకరణ పద్ధతిని తీసికొనిరి. పట్టా ఎకరమిచ్చిన మెట్టరైతుకు 1000 గజముల నివాసస్థలము, 250 గజముల వాణిజ్యస్థలము. జరీబు రైతుకు 1000, 450 గజములు. ఏటి కౌలు మెట్టకు 30,000, జరీబునకు 50,000 రూపాయలు మొదలు పెట్టి పదేండ్లు పెంచుచు ఇచ్చునట్లు ఒప్పందము. 'జరీబు' అను పారసీక పదమునకు కొలతగొలుసు అని అర్థము. కృష్ణయొడ్డున అది నీటివసతిగల తోటభూమికి పేరైనది. నగరము వచ్చు చోట మెట్టయైన నేమి, జరీబైన నేమి? అయినను పంచుకొనునప్పుడు శతాబ్దముల నాటి ఆ వర్గీకరణమే రైతుల మనసుకు న్యాయముగా తోచినది.

ఇక వృత్తిగా విలువ కట్టువారి సంగతి. 1957లో సంపదపన్ను చట్టము వచ్చిన తరువాత ఆస్తులకు నమ్మదగిన విలువ అవసరమైనది. 1972 సవరణతో రిజిస్టర్డు వాల్యుయర్లను గుర్తించిరి. 2015లో ఆ పన్ను రద్దైనను వృత్తి నిలిచినది. 2013 కంపెనీల చట్టము క్రింద 2017లో వచ్చిన నిబంధనలు భూమి, కట్టడములు ఒక తరగతిగా, యంత్రములు ఒక తరగతిగా, వాటాలు మున్నగు ఆర్థికాస్తులు ఒక తరగతిగా విభజించి, పరీక్ష నెగ్గినవారికే అర్హత నిచ్చినవి. గుంటూరు మిరపయార్డు చుట్టునున్న శీతల గిడ్డంగులకు, ప్రత్తి జిన్నింగు మిల్లులకు, పొగాకు బారెన్లకు ఇట్టివారి అవసరము మెండు. గిడ్డంగికి విలువ కట్టువాడు స్థలమును పరిసరపు అమ్మకములతో పోల్చును. కట్టడమును నేడు కట్టినచో అగు ఖర్చులోనుండి అరుగుదల తీసి లెక్కించును. టిక్కీకి వచ్చు అద్దెను బట్టి రాబడి విలువను చూచును. మూడును దగ్గరదగ్గరగా వచ్చినచో అంకె నమ్మదగినది. దూరముగా వచ్చినచో కారణము వ్రాయవలెను. కారణము వ్రాయని విలువపత్రము కరణము నోటిమాట వంటిదే.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నిటిలో ఒక్కనికి గడి లేదు. అతడు కౌలురైతు. శిస్తు నిర్ణయించినప్పుడు పట్టాదారుని చూచిరి. పరిహారము ఇచ్చినప్పుడు దస్తావేజు చూచిరి. అప్పు ఇచ్చినప్పుడు తనఖా చూచిరి. మిరప, ప్రత్తి భూములకు చాలచోట్ల కౌలు నగదుగా, ముందుగానే చెల్లింపవలెను. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టము న్యాయమైన కౌలుకు పరిమితి విధించినను, నోటిమాట కౌళ్లు దానికి అందలేదు. 1987లో తెల్లదోమ తాకి ప్రత్తి పోయినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. నేలకు వెల కట్టిన కాగితములు అనేకములున్నవి. ఆ సాలు కౌలు ఆ సాలు పంటకు తగినదా అని కట్టిన కాగితము ఒక్కటియు లేదు. 2011లో కార్డులిచ్చు చట్టము, 2019లో సాగుదారు హక్కుల చట్టము వచ్చినవి. హక్కు మాట సరే. కౌలు ఎంత తగునను లెక్క ఇంకను యజమాని నోటనే ఉన్నది.

కావున పొలము అమ్మునప్పుడుగాని, కొనునప్పుడుగాని, కౌలుకు తీసికొనునప్పుడుగాని అంకె చెప్పినవానిని మూడు ప్రశ్నలు అడుగుట మంచిది. ఈ విలువ ఎవరి పనికై కట్టినది? దేనిని కొలతగా తీసికొన్నది? పంట తప్పిన యేటికి ఇందులో ఎంత తీసినారు? మూడవ ప్రశ్నను 1802లో ఎవరును అడుగలేదు. నందన కరువు దానికి సమాధానము చెప్పినది. ఆనాటి శిస్తు లెక్కలో సైతము అకాలమునకు కొంత తీసివేత ఉండెను. నేటి కౌలు లెక్కలో అది లేకపోవుట న్యాయము కాదు. ఆ గడిని చేర్చి, ఒక్క పేజీ కాగితముపై యజమానియు కౌలుదారుడును వ్రాసికొన్ననాడు, ఈ మైదానములో నేలకు కట్టిన వెలలలో దున్నువాని మాట కూడ మొదటిసారిగా చేరినదగును.